ట్రాక్టరు వెంట పనిముట్ల పెట్టె

సేద్యమునకు అదనును పదనును రెండు కన్నులవంటివి. నల్లరేగడి దున్నుకొని బ్రతుకు సత్తెనపల్లి ప్రాంతపు రైతులకు ఈ మాట విప్పి చెప్పనక్కరలేదు. వాన కురిసిన మరునాడు మన భూమి కాలు పెట్టనీయదు. కొన్నినాళ్లు గట్టిగ ఎండ కాసినచో గడ్డకట్టి నాగటికి లొంగదు. ఈ రెంటి నడుమ దొరకు కొలది దినములలోనే గొర్రు తోలవలెను, ప్రత్తి గింజ వేయవలెను, మిరప నారు నాటవలెను. పూర్వము ఈ పని ఎడ్లతో జరిగెడిది. ఇప్పుడు పెక్కు గ్రామములలో ట్రాక్టరుతో జరుగుచున్నది. పని వేగము హెచ్చినది. కాని ఆ ట్రాక్టరు చేని నడుమ నిలిచిపోయిన నాడు మనము ఎడ్లనాటికంటెను వెనుకబడుచున్నాము. ఇందుకు గల కారణములలో ఒకటి పూర్తిగ మన చేతిలోనిదే యగుటచే, దానిని గూర్చి సంఘ సభ్యులతో ముచ్చటింపదలచితిని.

వ్యవసాయ ప్రదర్శకుడనై పొలముల వెంట తిరుగువాడను గావున, నిలిచిపోయిన ట్రాక్టర్లు నా కంట తరచుగ పడుచుండును. ఇంజను పగిలియో గేరుపెట్టె విరిగియో నిలిచినవి అరుదు. గొర్రును పట్టియుంచు లించ్ పిన్ను దుక్కిలో ఎక్కడనో జారిపోవును. ఫ్యాను బెల్టు తెగును. రేడియేటరు గొట్టమునకు బిగించిన క్లిప్పు సడలి నీరంతయు కారిపోవును. డీజిలు గొట్టములో గాలి చొరబడి ఇంజను ఆగిపోవును. సర్కారు తుమ్మ ముల్లు ట్రక్కు టైరులో దిగును. రోటావేటరు కత్తుల బోల్టు వదులై రాలిపోవును. వీనిలో ఏదియు పెద్ద జబ్బు కాదు. లించ్ పిన్ను వెల రెండు మూడు కప్పుల టీ వెలకు మించదు. ఆ వస్తువును, దానికి తగిన పానాయు చేతనున్నచో స్వల్పకాలములో పని తిరిగి సాగును. లేనిచో ఒకడు మోటారు సైకిలెక్కి డొంకదారిని సత్తెనపల్లికి పోవలెను. అచ్చట సరియైన కొలతది దొరకనిచో గుంటూరునకు పోవలెను. అతడు తిరిగివచ్చుసరికి ప్రొద్దు క్రుంకును. ఆ రాత్రి వాన కురిసినచో పోయిన అదను మరల రాదు.

మన తాతలనాటి బండివాడు ఈ విషయమున మనకంటె జాగ్రత్తపరుడు. దూరప్రయాణమునకు బండి కట్టినవాడు కందెన గొట్టము వ్రేలగట్టుకొనక బయలుదేరెడివాడు కాడు. ఒక కడశీల, ఒక మోకు, ఒక పలుపు, చిన్న గొడ్డలి అదనముగ వెంట నుంచుకొనెడివాడు. కడశీల ఊడినచో చక్రము ఊడుననియు, నడిత్రోవలో వడ్రంగి దొరకడనియు అతడెరుగును. ట్రాక్టరు వచ్చిన పిదప, ఇది కంపెనీవారు చేసిన యంత్రము గనుక వారి మనుష్యులే చూచుకొందురను భావము మనలో ప్రవేశించినది. కడశీల పేరు లించ్ పిన్నుగ మారినది గాని, దాని పని మారలేదు. ఊడిపోవు గుణమును మారలేదు.

యంత్రములు చేయుటలో ఆరితేరిన దేశములవారు ఈ జాగ్రత్తను విడువలేదు. రెండవ ప్రపంచ యుద్ధమున అమెరికా సైన్యమునకై 1941 మొదలు లక్షలకొలది తయారైన జీపును చూడుడు. దారి లేని చోటులకు పోవుటకై చేసిన బండి యది. దాని ఎడమప్రక్క వెలుపలనే ఒక పారను ఒక గొడ్డలిని పట్టీలతో బిగించియుంచిరి. వెనుక అదనపు చక్రమును, పెట్రోలు డబ్బాయు నుండెను. ఆ సైన్యమునకు వెనుక పెద్ద పెద్ద కర్మాగారములు లేకపోలేదు, మెకానిక్కులు లేకపోలేదు. ఐనను బురదలో దిగబడిన క్షణమున పనికివచ్చునది చేతిలోని పారయే గాని దూరముననున్న కర్మాగారము కాదని వారు గ్రహించిరి. యుద్ధానంతరము 1947లో మహీంద్రావారు ఆ జీపులను మనదేశమున కూర్చుటకు ఆరంభించిరి. 1963లో ఇంటర్నేషనల్ హార్వెస్టరు కంపెనీతో కలసి ట్రాక్టర్ల తయారీకిని పూనుకొనిరి. జీపు మట్టిదారిని నడచును. ట్రాక్టరు దారియే లేని చేనిలో నడచును. పార జీపునకు అవసరమైనప్పుడు ట్రాక్టరునకు అనవసరమెట్లగును?

ఇక నష్టమెవరిదో విచారింతము. ట్రాక్టరు గలవాడు తన చేనినే దున్నుకొనుచున్నచో, పెట్టె మరచిన నష్టము అతనిదే. ఇతరులు చెప్పవలసినది లేదు. కాని మన గ్రామములలో పెక్కుమంది చిన్న రైతులును కౌలుదారులును ట్రాక్టరును బాడుగకు పిలిపించుకొనుచున్నారు. మచ్చునకు, ఒక కౌలురైతు మిరప నాటుటకు పదునైదుగురు ఆడకూలీలను పొరుగూరినుండి ఆటోలో రప్పించెననుకొనుడు. నారు పీకి తడిగుడ్డలో చుట్టి గట్టున పెట్టినారు. చాళ్లు తోలు ట్రాక్టరు బెల్టు తెగి నిలిచినది. ట్రాక్టరు యజమానికి పోయినది కొన్ని గంటల బాడుగ మాత్రమే. కౌలురైతునకు ఒకనాటి కూలియు, ఆటో కిరాయియు, వాడిపోయిన నారును పోయినవి. పని జరుగలేదని అతడు కూలి తగ్గించినచో ఆ నష్టము కూలీల కడుపుమీద పడును. బెల్టు కొనక డబ్బు మిగుల్చుకొన్నవాడొకడు, నష్టపడినవారు వేరొకరు. కావుననే ఈ పెట్టె సంగతి ట్రాక్టరు గలవాని సొంత విషయమని నేననుకొనను. ఇది పదిమందికి సంబంధించిన విషయము. సంఘము పట్టించుకొనవలసిన విషయము.

ఉమ్మడి ట్రాక్టర్ల విషయమున ఇది మరింత నిజము. మన రాష్ట్రమున 2022లో ప్రభుత్వ సహాయముతో రైతు బృందములకు ట్రాక్టర్లు, కోతయంత్రములు పంపిణీ యయ్యెను. పలువురి సొత్తైన యంత్రమునకు పనిముట్ల పెట్టె ఎవరిదని అడిగినచో ఎవరిదియు కాదు. ఈ వారము ఒకడు పానా తీసికొనును, పై వారము మరియొకడు జాకీ తీసికొనును. ఏడాది తిరుగకముందే పెట్టె ఖాళీయగును. పేరు వ్రాసి ఒకరికి బాధ్యత ఒప్పగించనిదే ఉమ్మడి పెట్టె నిలువదు.

దీనికి కొందరు చెప్పు ఆక్షేపణలు నేనెరుగుదును. సెల్ ఫోను చేసినచో మెకానిక్కు మోటారు సైకిలుపై వచ్చుచుండగా ఈ బరువంతయు మోయనేల యని మొదటి ఆక్షేపణ. మెకానిక్కు వేసవిలో వచ్చును. కాని వాన వెలసిన మరుసటి దినములలో అన్ని ఊళ్ల ట్రాక్టర్లును ఒక్కసారి చేలలో దిగును. అన్ని ఫోనులును అతనికే పోవును. అతడు మనిషి, ఒక్కచోటనే ఉండగలడు. 2023 డిసెంబరు 5వ తేదీని మిచాంగ్ తుపాను బాపట్ల సమీపమున తీరము దాటెను. అట్టి దినములలో కళ్లములోని పంటను, కోసిన పైరును ఇల్లు చేర్చుకొనుటకు ప్రతివాడును ఒక్కటే గడియలో పరుగిడును. ట్రక్కు టైరు ఆనాడే దిగబడినచో ఏ మెకానిక్కు దొరకును? ఇల్లు కాలునప్పుడు నూయి త్రవ్వబోయినట్లగును.

పొరుగువాని పెట్టె నున్నది గదా, అడిగి పుచ్చుకొందుమని రెండవ ఆక్షేపణ. మిషను బడులలో చదివినవారికి పదిమంది కన్యకల ఉపమానము జ్ఞాపకముండును. దివ్వెలతోపాటు సిద్దెలలో నూనె తెచ్చుకొన్న అయిదుగురును తక్కిన అయిదుగురికి పంచి యియ్యలేకపోయిరి. అది పిసినారితనము కాదు. ఇచ్చినచో ఇరువురికిని చాలకపోవుటయే కారణము. లేనివారు అంగడికి పోయి కొని తిరిగివచ్చుసరికి తలుపు మూయబడెను. ఆ కథకు గల మతార్థ మెట్లున్నను, అదను నెరిగిన రైతునకు అందొక సేద్యపు నీతియు కనబడును. పని ముమ్మరములో పొరుగువానికిని తన బెల్టు కావలెను.

క్రొత్త యంత్రములు మన చేతికి లొంగునవి కావని మూడవ ఆక్షేపణ. ఇందు కొంత నిజము కలదు. 50 అశ్వశక్తికి మించిన క్రొత్త ట్రాక్టర్లకు 2023 జనవరి నుండి ట్రెమ్-4 అను పొగ నిబంధన అమలులోనికి వచ్చినది. అట్టి ఇంజనులలో డీజిలు మిక్కిలి హెచ్చు ఒత్తిడితో పోవును. విద్యుత్ పరికరములును పెక్కు. వాని డీజిలు గొట్టములను చేనిలో విప్పరాదు. కాని లించ్ పిన్ను, క్లిప్పు, టైరు, ఫ్యూజు ఎంత క్రొత్త ట్రాక్టరునకైనను ఒక్కటే. మనము చేతనైనది చేసికొందుము; చేతకానిదానిని తెలిసినవానికి విడుతము.

అట్లని అంగడియంతయు ట్రాక్టరుమీద కెక్కింపుమని నా ఉద్దేశము కాదు. అక్కరకు రాని ఇనుము మోయుట డీజిలునకు దండుగ. ఏది వెంట నుండవలెనో నిర్ణయించుటకు నాకు తోచిన సూత్రమిది: తరచుగ చెడునది, తక్కువ వెలది, అది లేనిచో పని పూర్తిగ నిలిచిపోవునది, చేనిలోనే మార్చుటకు వీలైనది. ఈ నాలుగు గుణములు గల వస్తువు పెట్టెలో నుండవలెను. తక్కినది ఇంటనో సంఘమునందో ఉండవచ్చును.

ఈ సూత్రము చొప్పున పనిముట్లలో మన ట్రాక్టరు బోల్టుల కొలతలకు సరిపడు పానాలు, ఒక సర్దుబాటు రెంచి, కటింగు ప్లేరు, రెండు స్క్రూడ్రైవర్లు, సుత్తి, ఆకురాయి, గ్రీజు గన్ను, టార్చి ముఖ్యములు. విడిభాగములలో నాలుగు లించ్ పిన్నులు, గొర్రు కర్రులకు, రోటావేటరు కత్తులకు పట్టు బోల్టులు నట్టులు, ఫ్యాను బెల్టొకటి, గొట్టపు క్లిప్పులు, ఫ్యూజులు, డీజిలు ఫిల్టరు, టైరు వాల్వు పిన్నులు, కొంత ఇనుప తీగ, విద్యుత్ తీగకు చుట్టు టేపు ఉండవలెను. బెల్టును ఫిల్టరును కొనునప్పుడు పాతదానిపైనున్న నంబరు చూచి కొనవలెను. కంటి కొలతకు కొన్నది అవసరమునాడు పట్టదు. వీనికితోడు ఒక డబ్బా మంచినీరు, ఒక పార, బలమైన గొలుసు లేక మోకు, రెండు మందపు చెక్కలు ఉండవలెను. నల్లరేగడిలో జాకీని నేలపై నేరుగ పెట్టినచో బరువునకు జాకీయే దిగబడును. చెక్కమీద పెట్టినచో నిలుచును. 35, 40 కిలోమీటర్ల దూరము మిరప టిక్కీలతో గుంటూరు యార్డునకు పోవు ట్రక్కునకు అదనపు చక్రమును, దానికి తగిన జాకీయు లేక బయలుదేరుట తగదు.

మందుకొట్టు పనికి వేరొక చిన్న డబ్బా కావలెను. 2021-22 పంటకాలమున నల్ల తామరపురుగు గుంటూరు మిరప తోటలను ఎట్లు పాడుచేసినదో రైతులు మరచియుండరు. పురుగు పూతమీద నున్నప్పుడు స్ప్రేయరు వాషరు ఒకటి పోయి పని నిలుచుట మిక్కిలి విచారకరము. వాషర్లు, నాజిళ్లు, గొట్టపు క్లిప్పులు, మెత్తని కుంచె ఈ డబ్బాలో నుంచి, దానిని అన్నపు క్యారేజికి దూరముగ పెట్టవలెను. మూసికొనిపోయిన నాజిలును నోటితో ఊదువారు ఇంకను కలరు. అది విషమును నోటికి తెచ్చుకొనుటయే. కుంచెతో నీటిలో కడుగవలెను.

వస్తువు ఉన్నంతమాత్రమున చాలదు. దానిని వాడుట తెలియవలెను. డీజిలు అయిపోయి ఇంజను ఆగినప్పుడు డీజిలు పోసినను అది కదలకపోవచ్చును. గొట్టములో గాలి నిలిచియుండుటయే కారణము. మామూలు పంపు గల ట్రాక్టరులో ఫిల్టరు మీది గాలి స్క్రూను కొంచెము వదులు చేసి, చేతిపంపును ఆడించినచో మొదట బుడగలతో నురుగు వచ్చును. పిదప బుడగలు లేని డీజిలు వచ్చును. అప్పుడు స్క్రూ బిగింపవలెను. ఈ విద్యకు ఒక పానా చాలును. పని లేని వేసవి దినములలో ఒక పూట తెలిసినవానివద్ద నేర్చుకొన్నచో జన్మకంతటికి ఉపకరించును.

ఇచ్చట ప్రాణహాని లేకుండ కొన్ని కట్టుబాట్లు చెప్పవలెను. ఇంజను ఆపి, తాళపుచెవి తీసి జేబులో వేసికొననిదే రోటావేటరు చెంత చేయి పెట్టరాదు. జాకీ ఎత్తిన బరువు క్రిందికి, చెక్కల ఆధారము లేక దూరరాదు. కాగుచున్న రేడియేటరు మూత తీయరాదు. హైడ్రాలిక్ గొట్టము కారుచున్నచో కారు చోటును వ్రేలితో తడవి చూడరాదు. ఒత్తిడిలోని నూనె చర్మమును చీల్చుకొని లోనికి పోవును, అది కంటికి చిన్న గాటుగ కనబడినను వెంటనే ఆసుపత్రికి పోవలసినదే. బురదలో దిగబడినప్పుడు వెనుక చక్రములకు దుంగ కట్టి ఎక్కింపజూచుట మహాపాయకరము; చక్రము తిరుగక ట్రాక్టరు ముందుభాగమే పైకిలేచి వెనుకకు తలక్రిందులగును. పారతో చక్రము ముందరి బురద తీసి, చెక్క వేసి మెల్లగ రావలెను. మరియొక ట్రాక్టరుతో లాగించునప్పుడు గొలుసును లాగు ట్రాక్టరు వెనుకనున్న క్రిందికొక్కెమునకే కట్టవలెను గాని పైలింకునకు కట్టరాదు. వాయిదా పడిన పని రేపు చేసికొనవచ్చును. పోయిన మనిషి రాడు.

పెట్టెను ఎచ్చట పెట్టుదమనునదియు చిన్న సంగతి కాదు. పానాలను సీటు క్రింద విడిగ పడవేసినచో కుదుపులకు జారి బ్రేకు పెడలు క్రింద చిక్కుకొనును. ఇనుప పెట్టెకు మూతయు గొళ్లెమును ఉండవలెను. దానిని బోల్టులతో బిగింపవలెను. లోపల గోనెగుడ్డ పరచినచో వస్తువులు రాపిడిపడవు. మూత లోపలివైపున వస్తువుల జాబితా అంటించవలెను. పానాలకు ఒకే రంగు పూసినచో ఎవరివో గుర్తుపట్టవచ్చును.

ఈ సందర్భమున ట్రాక్టరు యజమానులకొక మాట. డ్రైవరు పానాలు అమ్ముకొనునను శంకతో పెట్టెను ఇంట తాళము వేసి, ట్రాక్టరును వట్టి చేతులతో చేనికి పంపువారు కలరు. లక్షల వెల గల యంత్రమును అతని చేతికిచ్చి, వందల వెల గల పానాలను నమ్మి ఇయ్యకపోవుట న్యాయముగ తోచదు. ఆపై యంత్రము నిలిచినందుకు డ్రైవరునే కోపపడుదురు. ఉదయమున జాబితా చూచి ఒప్పగించి, సాయంకాలము జాబితా చూచి పుచ్చుకొన్నచో అనుమానమునకు తావుండదు. వాడిన వస్తువునకు బదులు మరునాడే క్రొత్తది పెట్టుట యజమాని పని. వాడినట్లు చెప్పుట డ్రైవరు పని.

ఇక మన సంఘము చేయవలసినదేమి? ఒక్కొక్క రైతు కొనియుంచలేని వస్తువులు కొన్ని కలవు. పెద్ద జాకీ, టైరునకు గాలి కొట్టు యంత్రము, బ్యాటరీ చార్జరు, మన ఊరిలో హెచ్చుగనున్న ట్రాక్టరు రకములకు తగిన బెల్టులు, ఫిల్టర్లు, వాటరు పంపు మొదలగునవి సంఘ గిడ్డంగిలో ఒక బీరువాలో నుండవచ్చును. విడిభాగములను సభ్యులకు కొన్నవెలకు కొద్దిపాటి ఖర్చు చేర్చి అమ్మవచ్చును. పనిముట్లను పుస్తకములో సంతకము చేయించుకొని ఇయ్యవచ్చును. దుక్కి దినములలో రాత్రివేళయు ఎవరివద్ద తాళపుచెవి యుండునో గోడమీద వ్రాయవలెను. ఇది సంఘముల పరిధికి మించినది కాదు. కేంద్ర ప్రభుత్వము 2023లో ప్రాథమిక సంఘములకై వెలువరించిన నమూనా నియమావళిలో అప్పులిచ్చుటతోపాటు ఇరువదియైదుకు పైబడిన వ్యాపకములకు చోటు కలదు. యంత్రముల బాడుగ కేంద్రములును అందులోనివే.

ఇంత చిన్న బీరువాతో ఏమగునని సభ్యులు తేలికగ చూడరాదు. సహకారోద్యమమునకు మార్గదర్శకులైన ఇంగ్లండు రాచ్‌డేలు నేతగాండ్రు 1844 డిసెంబరు 21వ తేదీని తమ అంగడి తెరచినప్పుడు అందుండినవి వెన్న, చక్కెర, పిండి, ఓటు పిండి, క్రొవ్వువత్తులు మాత్రమే. వారు తమ ఇండ్లకు దినదినము కావలసినదేదో దానినే ముందు తెచ్చిరి. మనకు పొలములో దినదినము కావలసినది లించ్ పిన్నును బెల్టును.

కావున నా మనవి మూడు మాటలు. ట్రాక్టరు గల ప్రతి సభ్యుడును రాబోవు తొలకరికి ముందే పెట్టె సిద్ధము చేసికొనవలెను. ట్రాక్టరును బాడుగకు పిలుచు రైతు, గంటకెంత యని అడుగుటతోపాటు, పెట్టె వెంట నున్నదా యని కూడ అడుగవలెను; పదిమంది అడిగినచో పదునొకండవవాడు పెట్టె లేక బయలుదేరడు. సంఘ పాలకవర్గమువారు రాబోవు సర్వసభ్య సమావేశమున ఈ బీరువా విషయమును చర్చకు పెట్టవలెను. వానను మనము రప్పింపలేము, ఆపలేము. ధర మన చేతిలో లేదు. లించ్ పిన్ను మాత్రము మన చేతిలోనిదే. సభ్యులు ఆలోచింతురుగాక.